ముప్ఫై అయిదు కోళ్ళెత్తు మనిషి

కోళ్ళకి తొమ్మిదో రోజు

ప్రియమైన పిచ్చుకకి,

నువ్వు మొన్న ఫోన్ చేశావు. ఎత్తాను. నీ గొంతు తెలిసింది గానీ ఒక్క మాట తెలిస్తే ఒట్టు. పన్నెండేళ్ళుగా కోళ్ళ షెడ్డు ఫ్యాన్ల కింద బతికిన చెవులు ఇవి. ఫోన్లో ఎవరు మాట్లాడినా నాకు ఆ హోరే. "ఆఁ, సరే సరే" అని పెట్టేశాను. నువ్వేమడిగావో, నేను దేనికి ఒప్పుకున్నానో ఆ దేవుడికే తెలియాలి. ఇక మీదట ఉత్తరమే రాయి. కాగితం మీదైతే అరవక్కర్లేదు.

పైన తేదీ బదులు కోడి వయసు వేశానని నవ్వుకుంటావు. మా ఇంట్లో క్యాలెండరు లేదే. కోడిపిల్లలు దిగిన రోజు ఒకటి, లారీ ఎక్కే రోజు నలభై రెండు. ఇంట్లో ఏం జరిగినా "ఫలానా బ్యాచ్, ఇన్నో రోజు" అనే గుర్తు. పద్నాలుగు వేల ప్రాణాలకి మేమిద్దరం. వాటి వయసు గుర్తుంటే చాలు, మా వయసు ఎవడిక్కావాలి.

నీ కిందటి ఉత్తరం చదివి మీ బావ పడీ పడీ నవ్వాడు. నువ్వు వంట చేసే హాస్పిటల్లో పథ్యాల మేడమ్ ఫారం కోడి గురించి గంటసేపు ఉపన్యాసం ఇచ్చిందా? ఆ గంటలో ఏం తిందో కూడా రాయాల్సింది. పట్నంలో ప్రతి ఇంటికీ వారానికి రెండుసార్లు కోడి కావాలి, అదీ చౌకగా కావాలి. చౌకగా పెంచితే పాపం అంటారు. మేమేమన్నా సరదాకి పెంచుతున్నామా? ఇక మా తిండి సంగతా, దానికి దిగులు పడకు. ఇంటి వెనక పది కోళ్ళు వేరే ఉన్నాయి. వాటికి వంటింటి గింజలూ, తవుడూ, అవి తవ్వుకునే పురుగులూ. ఈ చుట్టుపక్కల షెడ్డున్న ఏ ఇంటికెళ్ళినా ఆ పదీ ఉంటాయి. పన్నెండేళ్ళలో మీ బావ షెడ్డు కోడిని నోట పెట్టలేదు, నన్ను పెట్టనివ్వలేదు.

వేరే విశేషాలేం లేవు. మూడు రోజుల కిందట మేత తొట్టి రేకు అంచు తగిలి మీ బావ కుడి అరచెయ్యి తెగింది. చిన్నదే. షెడ్డు మందు తాగించాను. ఎప్పుడూ అంతేగా మాకు, జ్వరమొచ్చినా పన్ను నొప్పొచ్చినా ఆ సీసాయే డాక్టరు. ఎంత వెయ్యాలో సీసా మీద కోడి బరువుని బట్టి రాసుంటుంది. రెండు కిలోల కోడికి ఇంత అయితే డెబ్భై కిలోల మీ బావకి ఎంత? ముప్ఫై అయిదు కోళ్ళ మందు. "ముప్ఫై అయిదు కోళ్ళెత్తు మనిషిని, నన్ను ఏకవచనంలో పిలవకు" అంటాడు.

నీ
అక్క

---

శుక్రవారం, రెండో బంతి వడ్డించాక

ప్రియమైన అక్కకి,

ఫోన్లో నువ్వు దేనికి ఒప్పుకున్నావో చెప్పనా? ఈ బ్యాచ్ అయిపోగానే బావా నువ్వూ వచ్చి పది రోజులు నా దగ్గర ఉంటామన్నావు. "ఆఁ, సరే సరే" అన్నావు, నేను విన్నాను. ఇప్పుడు చెవుల మీదకి నెట్టేస్తే ఊరుకోను. దుప్పట్లు ఉతికి పెట్టాను కూడా.

మందు సంగతి చదివి నాకు నవ్వు రాలేదక్కా. మనిషికి కోళ్ళ లెక్కన మందేంటి? ఇక్కడ వార్డుల్లో నర్సులు రోజూ అనుకుంటుంటే వింటున్నాను, చిన్న పుండుకి కూడా మందులు పట్టడం లేదట. రోగాల పురుగులకి ఆ మందులు అలవాటైపోయాయట. ఎక్కడ అలవాటయ్యాయంటే, పశువుల దగ్గరా కోళ్ళ దగ్గరా అని పథ్యాల మేడమ్ అంటుంది. ఆవిడ మాట నాకూ పూర్తిగా మింగుడు పడదు. మూడు వందల ప్లేట్లు నా చేతి మీదుగా వెళ్తాయి. మీ కోళ్ళ కంపెనీ చౌకగా ఇవ్వకపోతే ఈ మంచాల మీద ఉన్నవాళ్ళకి మాంసం ముక్క ఎక్కడిది? ఆ మాటే ఆవిడతో అన్నాను. "మంచాల మీదకి ఎందుకొచ్చారో కూడా ఆలోచించు" అంది. నేను గిన్నెలు తోముకుంటూ కూర్చున్నాను.

అవును, ఇక్కడికి వచ్చేవి మీ కంపెనీ కోళ్ళే. ప్రతి పెట్టె మీదా ఏవో అంకెలు వేసిన చీటీ ఉంటుంది. ఏ రోజు ఏ షెడ్డు కోళ్ళని లారీకి ఎత్తితే ఆ మర్నాడు దానివే వస్తాయని బండి డ్రైవరు చెప్పాడు. అంటే మీరు ముట్టనివి మేం వండుతున్నాం, రోగులు తింటున్నారు. మీ పదీ వేరు, మా మూడు వందలూ వేరు. ఇది బాగుందా?

నాకు తెలుసు నువ్వేమంటావో. "నువ్వు నీ హాస్పిటల్ వంట తింటావా?" అంటావు. తినను. ఇంటి నుంచి డబ్బా తెచ్చుకుంటాను. సరే, ఇద్దరం ఒక తానులో ముక్కలమే. కానీ బావ చెయ్యి డాక్టరుకి చూపించు. ఆ సీసా ముట్టుకోకండి.

నీ
పిచ్చుక

---

కోళ్ళకి పందొమ్మిదో రోజు

పిచ్చుకా,

మీ బావ చెయ్యి కొంచెం వాచింది. మరీ భయపడేంత కాదు. మొదటి సీసా పనిచేయలేదని రెండో రకం మొదలుపెట్టాను, కోళ్ళకి దగ్గొస్తే వాడే ఎర్ర మూత సీసా. నువ్వు వద్దన్నావని తెలుసు. డాక్టరు దగ్గరికి వెళ్ళి రావాలంటే ఒక పూట. ఆ పూట నీళ్ళ గొట్టం మూసుకుపోతే రెండు వందలు చస్తాయి. ఇది నీ వంటగది కాదు, మూత పెట్టి వెళ్ళిపోడానికి.

పనేం ఆపలేదు ఆయన. పొద్దున్నే బకెట్టు పట్టుకుని చచ్చినవి ఏరుతున్నాడు, ఎడం చేత్తో. కుడి చెయ్యి గుడ్డలో వేలాడేసుకుని షెడ్డులో పరిచిన ఊకలో అటూ ఇటూ తిరుగుతుంటే నేనే అన్నాను, "ముప్ఫై అయిదు కోళ్ళెత్తు మనిషి రెక్క విరిగిందే" అని. నవ్వాడు. ఈ మధ్య నవ్వడానికి కాస్త టైము తీసుకుంటున్నాడు.

మేం వేరు, మీరు వేరు అన్నావు. ఆ మాట నాకు గుచ్చుకుంది. మీ బావకి చదివి వినిపించాను. విన్నాక అన్నాడు, "పిచ్చుక అబద్ధం రాయలేదే" అని. నాకు కోపమొచ్చింది. చెప్పులు కుట్టేవాడు తను కుట్టినవే తొడుక్కోవాలని రూలుందా? కంపెనీ పిల్లలిస్తుంది, కంపెనీ మేతిస్తుంది, కంపెనీయే సీసాలిస్తుంది. మాది షెడ్డూ, చాకిరీ.

ఇక్కడిదాకా పొద్దున రాశాను. ఇప్పుడు సాయంత్రం. నీకు దాచి లాభం లేదు. ఎరుపు మోచేతి దాకా పాకింది. ఒళ్ళు కాలిపోతోంది. నన్ను చూసి "కోళ్ళకి నీళ్ళు పెట్టావా" అని మూడుసార్లు అడిగాడు. రేపు పొద్దున మేత లారీలో ఎక్కించి నీ దగ్గరికి పంపుతున్నాను. నేను రాలేను. ఇంకా ఇరవై మూడు రోజులుంది, వదిలేస్తే బ్యాచ్ మొత్తం పోతుంది. ఇలాంటి అప్పుడు మొగుడి వెంట వెళ్ళని ఆడది ఉంటుందా అని నువ్వనుకుంటావు. అనుకో. ఆయన్ని మాత్రం చూసుకో.

అక్క

---

ఆదివారం, వార్డు బయట బల్ల మీద

ప్రియమైన అక్కకి,

బావని చేర్చుకున్నారు. నువ్వు కంగారు పడతావని మంచి మాటలతో మొదలుపెట్టాలని చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. దొరకలేదు.

లేబొరేటరీ ఆయన నాకు చూపించాడు. గాజు పళ్ళెంలో బావ పుండులోంచి తీసింది పెంచారు. దాని మీద ఆరు కాగితపు బిళ్ళలు, ఒక్కో బిళ్ళకి ఒక్కో మందు. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ ఏమీ పెరగదు, శుభ్రంగా గుండ్రంగా ఖాళీ వస్తుంది. బావ పళ్ళెంలో ఒక్క బిళ్ళ చుట్టూ సన్నటి ఖాళీ ఉంది. మిగతా అయిదింటినీ ఆనుకుని పెరిగిపోయింది. ఆ అయిదు మందుల పేర్లూ చదివాడు. వెళ్ళి బావకి చెప్తే రెండు పేర్లు గుర్తుపట్టాడు. నువ్వు రాసిన సీసాలే. ఎన్నాళ్ళుగా వాడుతున్నారని సర్జన్ గారు అడిగితే బావ దాచలేదు, పన్నెండేళ్ళని చెప్పాడు. ఎంత మోతాదని అడిగితే కోళ్ళ లెక్క చెప్పాడు. ఆయన రాసుకోవడం ఆపి బావ వంక చూశారు.

"మేం షెడ్డు కోడి తినమండీ" అన్నాడు బావ, అదేదో సాక్ష్యం చెప్తున్నట్టు. సర్జన్ గారు మెల్లిగా చెప్పారు: ఇది తిండితో వచ్చింది కాదు, ఆ ఊకలోంచి, ఆ తొట్టి రేకు మీంచి, తెగిన చోటి నుంచి వచ్చింది. తినే పళ్ళెం కాపాడుకున్నారు, చెయ్యి కాపాడుకోలేదు అని.

అక్కా, రేపు చెయ్యి తీసేస్తున్నారు. మణికట్టు పైన. ఒప్పుకోలు కాగితం మీద బావ తనే సంతకం పెట్టాడు, ఆ వాచిన వేళ్ళతోనే. "దీనికి ఇదే ఆఖరి పని, దాన్నే చెయ్యనీ మరదలా" అన్నాడు.

ఆకలి లేదు. వంటగది కోడి సూపు తెస్తే పక్కకి నెట్టేశాడు. పప్పు నీళ్ళు తాగుతున్నాడు. నీ పదింట్లోంచి ఒకటి మేత లారీలో పంపగలవా? నా చేత్తో వండి పెడతాను. ఇంకో మాట, నీకు తప్పకుండా రాయమన్నాడు: "ఆఖరి అయిదు రోజులు మందు ఆపమను, మర్చిపోవద్దను." ఆ అయిదు రోజుల్లో మందు కోడి ఒంట్లోంచి దిగిపోవాలటగా. మత్తులో కూడా అదే మాట.

పిచ్చుక

---

కోళ్ళకి ముప్ఫై తొమ్మిదో రోజు

పిచ్చుకా,

ఈ ఉత్తరం ఆయనకి చదివి వినిపిస్తావు కాబట్టి ముందు ఆయన మాటలు. ఏమయ్యా, ఒక చెయ్యి పోతే పోయింది. ఎడం చేత్తో చచ్చినవి ఏరడం ఎలాగూ నేర్చేసుకున్నావు. మిగతాది నేను చూసుకుంటాను. జుట్టు దువ్వించుకో, పిచ్చుక దువ్వుతుంది. లారీ ఎక్కించగానే వచ్చేస్తున్నాను.

పిచ్చుకా, ఇక్కడి నుంచి నీ ఒక్కదానికే. ఆయనకి చదవకు.

ముప్ఫై నాలుగో రోజున దగ్గు మొదలైంది. మొదటి రోజు నలభై, మర్నాడు తొంభై. బకెట్టు చాలక బస్తాల్లో మోశాను. కంపెనీ సూపర్‌వైజరు గుమ్మం దగ్గరే నిలబడి లోపలికి చూశాడు, ముక్కుకి గుడ్డ కట్టుకుని. "మందు ఆపకు, లారీ వచ్చే దాకా ఇస్తూనే ఉండు. రిజిస్టరులో ముప్ఫై ఏడున ఆపినట్టు రాసెయ్" అన్నాడు. అందరూ చేసేదే అన్నాడు. మీ బావ ఉంటే గొడవ పెట్టుకునేవాడు. నేను పెట్టుకోలేదు. ఒంటరిదాన్ని. పన్నెండు వేల కోళ్ళు కళ్ళముందు గురగురలాడుతూ ఉంటే మందు ఆపే గుండె నాకు లేదు. ట్యాంకులో పోస్తూనే ఉన్నాను. రిజిస్టరులో రాశాను కూడా. నా చేతిరాతే.

ఒక కోడిని పంపమన్నావు. మేత లారీవాడు కోడిని ఎక్కించుకోనన్నాడు, వచ్చేటప్పుడు నేనే తెద్దామనుకున్నాను, ఇప్పుడు తేవడానికీ లేవు. దగ్గు వెనక్కి కూడా పాకింది. పదీ మూడు రోజుల్లో పోయాయి. ఆఖరి రెండింటికీ షెడ్డు మందే పోశాను, అయినా ఆగలేదు. ఆయన కోసమే ఉంచిన ఎర్ర పుంజు నా ఒళ్ళోనే పోయింది.

ఈ విషయం ఆయనకి చెప్పకు. ఒట్టు.

అక్క

---

బుధవారం

ప్రియమైన అక్కకి,

నువ్వు చదవకన్నది ఆయనకి చదవలేదు. పై ముక్క మాత్రం రెండుసార్లు చదివించుకున్నాడు. జుట్టు దువ్వాను. ఉత్తరం నీ చేతిరాత కదా, దిండు కింద పెట్టమన్నాడు. ఇవ్వకపోతే అనుమానం వస్తుందని పెట్టాను. ఈ జ్వరంలో కూర్చుని చదివేది లేదులే.

జ్వరం దిగలేదు. మోచెయ్యి దాకా మళ్ళీ తీశారు. ఆ పనిచేసే ఒక్క మందూ ఎక్కిస్తున్నారు, దానికి మూత్రపిండాలు తట్టుకోవడం లేదంటున్నారు. ఒకటి కాపాడితే ఒకటి పాడవుతోంది.

బావకి ఒక కొత్త అలవాటైంది. రోజూ పొద్దున నేను వెళ్ళగానే "ఇవాళ ఏ చీటీ వచ్చింది?" అని అడుగుతాడు. కోళ్ళ పెట్టె మీద చీటీ. చింపి తెచ్చి చూపిస్తే అంకెలు చూసి "కాదు" అని తిరిగి ఇచ్చేస్తాడు. ఏది కాదో చెప్పడు. మీ కోళ్ళ లారీ ఇక్కడికి ఎప్పుడు చేరుతుందని నన్ను అడిగాడు, గురువారం ఎత్తితే శుక్రవారం అని చెప్పాను. నీ కోసమే ఎదురుచూస్తున్నాడు పాపం. బరువు తూచారు, నలభై తొమ్మిది. "మీ అక్కకి రాయి, ఇరవై నాలుగున్నర కోళ్ళకి దిగిపోయానని" అన్నాడు. నేను బయటికొచ్చి ఏడ్చాను.

నీ పదీ పోయాయని చదివాను. నువ్వు చేసింది తప్పో ఒప్పో నేను చెప్పను. నేనుంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు. తొందరగా రా.

పిచ్చుక

---

లిఫ్టింగ్ అయిన మర్నాడు

పిచ్చుకా,

కోళ్ళు వెళ్ళిపోయాయి. నేను వెళ్ళలేను.

దగ్గొచ్చిన షెడ్డు మనుషులు నాలుగు రోజులు ఊరు దాటకూడదట. ఇంకో షెడ్డుకి అంటిస్తారని కంపెనీ కట్టుదిట్టం. గేటుకి తాళం వేసి సూపర్‌వైజరు కాగితం అంటించి పోయాడు. పదకొండు వేల కోళ్ళు అదే దగ్గుతో అదే గేటులోంచి లారీ ఎక్కి పట్నం పోయాయి. అవి వెళ్ళొచ్చట. నేను వెళ్ళకూడదట. "నా మొగుడు అక్కడ చావుబతుకుల్లో ఉన్నాడయ్యా" అన్నాను. "నాలుగు రోజులేగా అమ్మా" అన్నాడు.

ఖాళీ షెడ్డులో ఫ్యాన్లు ఆపేశాను. పన్నెండేళ్ళ తర్వాత మొదటిసారి ఏమీ వినపడటం లేదు. మంగళవారం మొదటి బస్సుకి బయల్దేరతాను. ఆగమను. నా మాటగా చెప్పు, ఆగమను.

అక్క

---

ఆదివారం

ప్రియమైన అక్కకి,

ఈ ఉత్తరం నిన్ను చేరేలోపు నువ్వే వచ్చేస్తావేమో. అయినా ఒక మంచి కబురుంది, రాయకుండా ఉండలేకపోతున్నాను.

బావ సూపు తాగాడు. శుక్రవారం ఎప్పట్లాగే చీటీ అడిగాడు. చూపించాను. చాలాసేపు చూశాడు. తిరిగి ఇవ్వలేదు, గుప్పిట్లో పెట్టుకున్నాడు. "ఇవాళ సూపు తే మరదలా" అన్నాడు. నా చెవులని నేనే నమ్మలేదు. ఉప్పూ మిరియాలూ నా చేత్తో వేసి తెచ్చాను. చెంచాతో పట్టబోతే వద్దన్నాడు. గిన్నె ఎడం చేత్తో ఎత్తుకుని తనే తాగాడు, సగం గుండెల మీద పోసుకుంటూ. ముక్క కూడా తిన్నాడు. నిన్నా తాగాడు. ఇవాళా తాగాడు. "ఎలా ఉంది బావా" అంటే "పన్నెండేళ్ళు తప్పించుకున్నాను" అన్నాడు. మత్తు మాటలు అనుకున్నాను. తిండి సహించిందంటే మనిషి తేరుకుంటున్నాడనేగా. సర్జన్ గారు మాత్రం చార్టు చూసుకుని వెళ్ళిపోయారు.

త్వరగా రా. దుప్పట్లు మళ్ళీ ఉతికాను.

పిచ్చుక

---

గురువారం

అక్కా,

ఇల్లు చేరావా? బస్సు ఎక్కేటప్పుడు నువ్వు వెనక్కి చూడలేదు. నేను చెయ్యి ఊపుతూనే ఉన్నాను.

మూడు గంటల తేడాలో రాలేకపోయావు. ఆ మూడు గంటలూ నేనున్నాను. నీ గురించే అడిగాడని చెప్పడం నాకు తేలికే, కానీ నీకు అబద్ధం రాయను. ఏమీ అడగలేదు. నిద్రలోనే పోయాడు.

నువ్వు అంత్యక్రియల రోజు నన్ను ఒక్కటే అడిగావు, ఆ సూపు వల్లేనా అని. సర్జన్ గారిని అడిగాను. కాదన్నారు. ఉడికిన సూపుతో ఆ రోగం రాదు, పెరగదు, అది అప్పటికే రక్తంలో ఉందన్నారు. నమ్ము.

ఆయన మంచం పక్క అల్మారా ఖాళీ చేయమన్నారు. దువ్వెన, కళ్ళజోడు పంపుతున్నాను. దిండు కింద నీ ఉత్తరం ఉంది, అందులో మడిచి మూడు కోళ్ళ చీటీలున్నాయి. అవెందుకు దాచుకున్నాడో నాకు అర్థం కాలేదు. ఉత్తరం వెనక ఏదో రాసి ఉంది. అది నీకు రాసిందని మొదటి మాటలోనే తెలిసి నేను చదవలేదు.

పిచ్చుక

---

సోమవారం, ఇరవై మూడో తారీకు

ప్రియమైన పిచ్చుకకి,

చీటీలు అందాయి. నీకవి ఉత్త అంకెలు. మాకు కాదు. మొదటి మూడంకెలు షెడ్డు నంబరు, తర్వాతి రెండూ ఎత్తిన రోజుకి కోడి వయసు. మూడు చీటీల మీదా ఉన్నది మన షెడ్డే. వయసు నలభై రెండు. నువ్వు మూడు రోజులు ఆయనకి ప్రేమగా తాగించింది నేను ఆఖరి రోజు దాకా మందు పోసిన కోళ్ళనే.

నువ్వు తప్పు చేశావని రాయడం లేదు. నీకు తెలియదు. ఆయనకి తెలుసు. రోజూ "కాదు" అన్నాడని రాశావే, మన చీటీ కోసం చూశాడు. లారీ ఎప్పుడని అడిగింది నా కోసం కాదు. నా ఉత్తరం దిండు కింద పెట్టించుకున్నాడు కదా, మొత్తం చదివాడు. నేను చదవకన్నది కూడా.

వెనక ఎడం చేత్తో రాశాడు. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి, కూడబలుక్కోడానికి నాకు ఒక పూట పట్టింది. ఇదీ రాసింది:

"ఏమే, నిన్ను తిట్టను. నేనున్నా ఆ రోజు ఆపేవాణ్ణి కాదేమో. మన కోడి తిన్నాను. ఊరంతా తినేది మనమూ ఒకసారి తినాలనిపించింది. రుచి బాగుందే. తేడా ఏమీ తెలియలేదు. అందుకే భయం వేసింది."

నాలుగు రోజులు ఆ కాగితం పట్టుకుని తిరిగాను. ఏడుపు రాలేదు. నిన్న వచ్చింది, ఆపుకోలేనంత వచ్చింది. ఆ ఏడుపులో ఒకటి తట్టింది. ఆయన తెలిసి తిన్నాడు. నీ వంటగది పైన వార్డుల్లో మూడు వందల మంది తెలియక తింటున్నారు.

పిచ్చుకా, మీ వంటగది చల్లగదిలోకి వెళ్ళి చూడు. ఒక లిఫ్టింగ్ సరుకు వారాల తరబడి నిల్వ ఉంటుందని నువ్వే ఎప్పుడో చెప్పావు. ఈ మూడు చీటీల్లో ఒకటి నీకే తిప్పి పంపుతున్నాను. ఆ అంకెలున్న పెట్టె ఒక్కటి ఉన్నా వండకు. ఎందుకని అడిగితే నా పేరు చెప్పు. ఈ కవరులో ఇంకో కాగితం ఉంది, అది నీకు కాదు, మీ పథ్యాల మేడమ్‌కి. ఏ రోజు ఏ సీసా ఎంత పోశానో, రిజిస్టరులో ఏం అబద్ధం రాశానో, ఎవరు రాయమన్నారో, అంతా నా చేతిరాతతో ఉంది. కింద సంతకం పెట్టాను. ఆవిడ మీద నాకు ప్రేమేం పుట్టలేదు. కోడి లేకుండా ఆ మంచాల మీదివాళ్ళకి ఏం వండుతావో ఆవిడ్నే చెప్పమను, తిట్టడం అయ్యాక. కానీ ఈ కాగితం ఎవరికివ్వాలో నాకు ఇంకెవరూ తెలియదు.

ఇవాళ పొద్దున కొత్త పిల్లల లారీ వచ్చింది. పద్నాలుగు వేలు, అట్టపెట్టెల్లో కీచుకీచుమంటూ. సూపర్‌వైజరు దిగి, ఆయన పోయినందుకు చింతిస్తున్నామని చెప్పి, సంతకానికి కాగితం చాపాడు. నేను గేటు తాళం తీయలేదు. చాలాసేపు ఏదో చెప్పాడు. నా చెవులు ఎలాంటివో నీకు తెలుసుగా. "ఆఁ, సరే సరే" మాత్రం అనలేదు.

లారీ ఆ పిల్లల్ని పక్క షెడ్డుకి తీసుకెళ్ళింది. వాళ్ళింటి వెనక కూడా పది ఉన్నాయి. సాయంత్రం వెళ్ళి వాళ్ళకి ఆయన రాసింది చదివి వినిపిస్తాను. తలుపు వేసుకుంటే గోడ ఇవతల నిలబడి చదువుతాను.

పైన తారీకు వేశాను, చూశావా. కోడి లేదు కదా, ఇవాళ ఎన్నో రోజో నాకు తెలియలేదు. బస్టాండు కొట్టులో క్యాలెండరు చూసి వచ్చి వేశాను.

నీ
అక్క